చంద్రపూర్ బస్సు, హోటల్ కాక పలక

మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచల బస్టాండ్ పక్కన ఒక చాయ్ హోటల్ ఉండె. ఇప్పటికీ ఉన్నది కని నేను చెప్పేది పాత రేకుల షెడ్డు ఉన్నప్పటి సంగతి. ఆ షెడ్డు గుంజకు ఒక నల్ల పలక ఏలాడుతుండె, మీద చాయ్ ఇంత, పోహ ఇంత, భజ్జి ఇంత అని రేట్లు, కింద బెత్తెడు ఖాళీ జాగ. ఆ జాగల హోటల్ కాక రోజుకో మాట రాస్తుండె. కాక చదివింది నాలుగో తరగతి, అదీ మరాఠీల, తెలుగు అక్షరం ఒక్కటి రాదు, ఇంట్ల బయట మాట్లాడేది మాత్రం తెలుగే. అందుకని పలక మీద మాట తెలుగుది, అక్షరాలు మరాఠీవి. కొత్తగ బదిలీ మీద వచ్చిన సాయబులు దాన్ని గడగడ చదివేసి, ఏమర్థమో తెల్వక తల గోక్కుంటుండిరి. మాకు చదవంగనే నవ్వొస్తుండె.

మాది ప్రాణహిత ఒడ్డు. అవతల కాళేశ్వరం, అక్కడ్నే ప్రాణహిత పోయి గోదావరిల కలుస్తది. నా చిన్నతనంల నది మీద బ్రిడ్జి లేదు, పడవే గతి, మా నాయినమ్మ తల్లిగారిల్లు అవతలి ఒడ్డున ఉండేసరికి మేము సగం పడవలనే పెరిగినం. ఇవతల జిల్లా అంటే చంద్రపూర్, గడ్చిరోలి వేరే జిల్లా అయ్యింది 1982ల. కాయితం మీద సంతకం కావాలన్నా పెద్ద దవాఖాన కావాలన్నా ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర సర్కారు బస్సు, ఎక్కి ఆలపల్లి అడవిలకెళ్లి రోజంత కూసోవాలె. వానకాలం వాగులొస్తే ఆ బస్సు ఏ ఒడ్డున ఆగుతదో, ఎన్ని రోజులు ఆగుతదో డ్రైవర్‌కు కూడ తెల్వకపోతుండె. నాగపూర్ నుంచి మరాఠీ పేపర్ వచ్చేది కూడ అదే బస్సుల, ఎండకాలం ఒకరోజు ఆలస్యం, వానకాలం మూడు నాలుగు రోజులవి ఒక్కటే కట్ట. మిగిలింది రేడియో. బాపు టేకు డిపోల గుమాస్త, పొద్దుగాల డ్యూటీకి పోయేముందు హోటల్ల కూసొని వార్తలు విని పోతుండె, నేను బాపు ఎంబడి.

కాక అన్ని రకాల ముచ్చట్ల మీద రాస్తుండె, మిర్చి ధర, పెండ్లిళ్లు, ఎలక్షన్లు. కని రాకెట్టో గ్రహణమో తోకచుక్కో కొత్త మిషనో ఏదన్న సైన్స్ వార్త దొరికిన రోజు ఆయన మొఖం కళనే వేరుంటుండె. సుద్ద ముక్క చేతుల పట్టుకొని, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సూడకుండ ఆలోచిస్తుండె. కాకి, అంటే కాక పెండ్లాం, ఇంట్లకెళ్లి ఒర్లేది, పాలు పాలు అని.

అన్నిటికంటె పేరుపడ్డ మాట నేను పసిపిల్లగాడిగ ఉన్నప్పటిది, బాపు వందసార్లు చెప్పంగ విన్న. 1969 జులై, అమెరికోళ్లు చంద్రుని మీద కాలు పెట్టిండ్రు. 16 తారీకు బయలెల్లి, దిగి, తిరిగి, 21 కిలోల పైచిలుకు మన్నూ రాళ్లూ మూటగట్టుకొని 24 తారీకుకు సముద్రంల వచ్చి పడ్డరు. సరిగ్గ అదే వారం మా దిక్కు వాగులు నిండి బస్సు బంద్. కాక పలక మీద రాసిండట: "చంద్రుని మీదికి పోయి వచ్చుడు ఎనిమిది రోజులు. చంద్రపూర్ పోయి వచ్చుడు ఎన్ని రోజులో వాగు తగ్గినంక చెప్త."

ఆ మాట మా ఊర్ల సామెత అయిపోయింది. ఎవరన్న పని ఆలస్యం చేస్తే "వాగు తగ్గినంక చెప్త" అంటుండిరి, ఇప్పటికి అంటరు. నేను ఐదో తరగతిల ఉన్నప్పుడు ఇది స్కూల్ల గురుజీకి చెప్పి నవ్వితే ఆయన కూడ నవ్విండు, నవ్వి, సరే చంద్రుడు 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరం, పోవుటానికి వాళ్లకు సుమారు 76 గంటలు పట్టింది, గంటకు ఎంత పోయినట్టు చెప్పు అన్నడు. పలక మీద భాగారం చేస్తే 5 వేల దాక వచ్చింది. గంటకు 5 వేల కిలోమీటర్లు! మా బస్సు గంటకు ఇరవై కూడ పోదు. దూరం, కాలం, వేగం లెక్క నాకు పట్టుబడ్డది ఆ రోజే, ఆ జోక్‌తోనే. మాకు సైన్స్ వచ్చిన తొవ్వ ఇదే అంట నేను, ముందు కాక నవ్వించేది, నవ్వినంక మనసుల ఒక ప్రశ్న మిగిలేది, ఆ ప్రశ్న పట్టుకొని గురుజీ దగ్గరికి ఉరికేది. పుస్తకంల అదే పాఠం ఉంటుండె కని పుస్తకం మమ్ముల ఎన్నడు ఉరికియ్యలే.

ఇంక 1979. ఆ వానకాలం మా వయసోళ్లెవరు మర్చిపోరు. స్కైలాబ్ పడుతది అని. అది అమెరికోళ్ల అంతరిక్ష కేంద్రం, 77 టన్నుల బరువు, 1973 మే నెలల పైకి పంపిండ్రు, మూడు జట్ల మనుషులు పోయి ఉండి వచ్చిండ్రు, 1974 తర్వాత అండ్ల ఎవరు లేరు. సూర్యుని మీద మంటలు ఎక్కువై పైనున్న గాలి ఉబ్బి, అది రాసుకొని రాసుకొని కిందికి జారుతున్నది, దాన్ని మళ్ల పైకి నూకుదామంటే అనుకున్న కొత్త షటిల్ బండి ఇంక తయారు కాలేదు. ఇదంత గురుజీ తర్వాత చెప్పిండు. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, మీద పడి అందరం సస్తం. ఊర్ల కోళ్లు కొస్తున్నరు, మేకలు కొస్తున్నరు, ఎట్లనో పోతం గదా తిని పోదాం అని, అప్పు తెచ్చి కూడ తిన్నరు. నాయినమ్మ అయితే సచ్చేదేందో నా తల్లిగారి ఊర్ల సస్త, పడవ ఎక్కియ్యిండ్రి అని కూసున్నది, నది చూస్తే నిండు వరద, పడవ కట్టేసి ఉన్నది. నాకు పదకొండేండ్లు. రాత్రి రేకుల మీద వాన సప్పుడైనా దుప్పటి మొఖం మీదికి గుంజుకుంటుంటి.

కాక మొదటి రోజు రాసింది: "స్కైలాబు గాదు, కోళ్లోళ్ల లాబు." కోళ్లోళ్లు కోపానికి రాలే, వాళ్లే అందరికి చదివి వినిపించుకున్నరు. రెండో రోజు మా చిన్నమ్మ పిల్లను సంకనేసుకొని ఏడ్సుకుంట హోటల్ కాడికి వచ్చింది, కాక, యాడ దాచిపెట్టుకోవాలె నా పిల్లను అని. కాక ఆమెకు నీళ్లిచ్చి కూసోబెట్టి మెల్లగ చెప్పిండు. "సూడు బిడ్డ, భూమి మీద నాలుగొంతులల్ల మూడొంతులు నీళ్లే అని గురుజీ చెప్తుండు. మిగిలిన ఒక్క వంతుల అడవులున్నయి, ఎడారులున్నయి, గుట్టలున్నయి. అండ్ల మన సిరోంచ ఎంత? వానకాలం ఎస్టీ బస్సోడికే దొరకం మనం. గా స్కైలాబుకు దొరుకుతమా?"

చిన్నమ్మ ఏడుపులనే నవ్వింది. నేను అక్కడ్నే ఉన్న, ఆ నవ్వు చూసిన. ఆ రాత్రి దుప్పటి మొఖం మీదికి గుంజుకోలే. తర్వాత జీవితంల పెద్ద పెద్దోళ్ల ఉపన్యాసాలు విన్న, భయం పోగొట్టుడు అంటే ఏందో నాకు ఆ హోటల్ బల్ల మీద అర్థమైనట్టు యాడ అర్థం కాలే. ఇంకో మాట, ఆయన చెప్పింది ఉత్త ఓదార్పు కాదు, సరైన లెక్క. జులై 11 రాత్రి, మనకు 10 దాటినంక, అది హిందు మహాసముద్రంల, ఆస్ట్రేలియా పడమటి దిక్కు మనుషులు తక్కువున్న జాగల ముక్కలు ముక్కలుగ పడ్డది. ఎవరికి దెబ్బ తగల్లే. పొద్దుగాల రేడియోల వినంగనే నాయినమ్మ ముందుగాల అడిగింది, కోసిన కోళ్ల పైసలు ఎవరిస్తరు అని.

ఆ ముక్కలు పడ్డ దిక్కు ఎస్పెరెన్స్ అనే ఊరున్నది, ఆ ఊరోళ్లు నాసాకు చెత్త పారేసినందుకు 400 డాలర్ల జుర్మానా రాసిండ్రు. ఎంత చక్కటి మాటనో చూడండి, ఎవరిని తిట్టలే, కేసులు పెట్టలే, ఒక్క చీటీ రాసి లోకమంత నవ్వించిండ్రు. ఈ ముచ్చట గురుజీ చదివి చెప్పినప్పుడు కాక ఎంత సంబురపడ్డడో! తన అసుంటి మనిషి ఒకడు ఆస్ట్రేలియాల కూడ ఉన్నడని తెలిసినట్టు. ఎంటనే పలక మీద: "చెత్తేస్తే అమెరికానే ఇడువలే. ఇస్తరాకు డబ్బల ఎయ్యిండ్రి."

నెల తిరగలే, ఆగస్టు 10న మనోళ్లు శ్రీహరికోటల ఎస్ఎల్‌వీ-3 వదిలిండ్రు. 22 మీటర్ల పొడుగు, 17 టన్నులు, మన సొంతంగ ఉపగ్రహాన్ని పైకి మోసుకపోవాల్సిన మొదటి రాకెట్టు, అబ్దుల్ కలాం దానికి ప్రాజెక్టు డైరెక్టర్. రెండో దశల కంట్రోల్ చేసే కాడ ఆసిడ్ కారిపోయి దారి తప్పి ఐదు నిమిషాల చిల్లరకే బంగాళాఖాతంల పడ్డది. బాపు మొఖం చిన్నగైంది. కాక చానసేపు సుద్ద ముక్క పట్టుకొని నిలబడి ఒక్క మాట రాసిండు: "వచ్చేసింది." కింద చిన్నగ: "వాళ్లది ఆరేండ్లు తిరిగి వచ్చింది. మనది చిన్నపిల్ల, ఇంటి మీద బెంగ పెట్టుకున్నది."

నాకు ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా గొంతు పట్టేస్తది. ఓడిపోయినోన్ని చూసి నవ్వుడు చాన అల్క. ఓడిపోయినోని పక్కన కూసొని, వాడు కూడ నవ్వేటట్టు ఒక మాట అనుడు అందరితోని కాదు. అసలు ఆ రోజు ప్రెస్సోళ్ల ముందట ఇస్రో చైర్మన్ సతీష్ ధావన్ తనే కూసొని జవాబు చెప్పిండు, కలాంను ముందలికి నూకలే. తర్వాతి ఏడు 1980 జులై 18న రోహిణి, 35 కిలోల ఉపగ్రహం, అదే ఎస్ఎల్‌వీ-3 మీద పోయి కక్ష్యల తిరిగింది, అప్పుడు ధావన్ కలాంను మాట్లాడమన్నడు. ఆ సుద్ది తెలిసిన రోజు హోటల్ నిండ జనం, కాక ఇయ్యాల ఏం రాస్తడో అని మెడలు సాపి చూస్తున్నరు. కాక రాసింది ఒక్కటే మాట. "పోయింది." జోక్ లేదు, కింద చిన్నక్షరాలు లేవు. అందరికి చాయ్ పోసి ఖాతాల రాసుకోలే.

రాకెట్లే కాదు, మా కాళ్ల కింది సైన్స్ సంగతి కూడ చెప్పాలె. మా సిరోంచ దిక్కు పోచంపల్లి కాడ 1958 నుంచి 1961 దాక తొవ్వి, దాదాపు 300 బొక్కలు, అంటే ఎముకలు, తీసిండ్రు, డైనోసార్‌వి. తొడ బొక్కనే 1.7 మీటర్లు, మనిషంత. తొవ్వింది కలకత్త ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు, అంటే గణాంకాల సంస్థ. కాక వాళ్ల నాయిన చెప్పిన ముచ్చట్లు మోసుకొని, 1975ల దానికి పేరు పెట్టిండ్రని పేపర్ల వచ్చిన రోజు రాసిన మాటట ఇది: "లెక్కలోళ్లకు బొక్కలతోని ఏం పని?" నిజానికి అది మంచి ప్రశ్ననే. ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్‌కు లోకంల కొలవదగ్గది ఏదైనా లెక్కల కిందికే వస్తదని నమ్మకం, అందుకే అక్కడ భూగర్భశాస్త్రం విభాగం కూడ ఉన్నది, గురుజీ మాకు ఇట్లనే చెప్పిండు.

దాని పేరు బారాపాసారస్. ఇంక చూడండి, మేమంత మరాఠీ మీడియం పోరగాండ్లం, మరాఠీల బారా అంటే పన్నెండు, పాయ్ అంటే కాలు. పన్నెండు కాళ్ల జంతువు అని బడిల బొమ్మలు కూడ గీసినం! కాక అయితే ఇంకో అడుగు ముందలికి పోయి, పన్నెండు చెప్పులు కుట్టియ్యాలంటే ఎంత ఖర్చో పాపం అన్నడు. గురుజీ నవ్వి నవ్వి కండ్ల నీళ్లు తుడుచుకొని చెప్పిండు, ఇది బెంగాలీ, బారా అంటే వాళ్లకు పెద్ద, పా అంటే కాలు, పెద్ద కాలు బల్లి అన్నట్టు. కాళ్లు నాలుగే. రెండో పేరు టాగోరీ, తొవ్వినప్పుడు రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి నడుస్తున్నది అందుకని. నేను ఉద్యోగంల చేరినంక కలకత్త పోయి ఆ అస్తిపంజరం చూసిన. మా ఊరి మట్టిలకెళ్లి లేచిపోయి అంత పెద్ద హాల్ల మెడ సాపుకొని నిలబడ్డది. తిరిగొచ్చి కాకకు చెప్తే ఆయన అడిగిన మొదటి మాట, "మనూరోడు అంత దూరం పోయి ఉంటున్నడు, మంచిగున్నడా?"

1984 ఏప్రిల్ల రాకేశ్ శర్మ పోయినప్పుడు హోటల్ల టీవీ లేదు, రేడియోనే. 3 తారీకు సోవియట్ సోయజ్ టి-11 ఎక్కి, సల్యూత్-7ల ఉండి, 11కు దిగిండు. అక్కడ గంటన్నరకోసారి భూమి చుట్టు తిరుగుతరు కాబట్టి రోజుకు పదహారుసార్లు తెల్లారుతది అని గురుజీ చెప్పంగనే కాక, "పదహారుసార్లు తెల్లారితే పదహారుసార్లు చాయ్, హోటల్ పెడితే అక్కడ పెట్టాలె" అన్నడు. అక్కడ దేనికి బరువు తెల్వదంటే, "నా ఉద్దెర ఖాతా బుక్కు పంపిస్త, మోసి మోసి నడుం పోయింది" అని పలక మీద రాసిండు, ఆ వారం ముగ్గురు బాకీ కట్టిండ్రు. ఇందిరా గాంధీ పైనుంచి ఇండియా ఎట్ల కనపడుతున్నది అని అడుగుతే ఆయన సారే జహాసే అచ్ఛా అన్న సంగతి అందరికి ఎరికే. ఆ రోజు మా నాయినమ్మ అడిగిన మాట మాత్రం నా ఒక్కనికే ఎరిక. "గంత మీదికెళ్లి చూస్తే మా తల్లిగారి ఊరు, ఈ ఊరు ఒక్కటే లెక్క కనపడుతయా బిడ్డ?" అవును నాయినమ్మ, నది ఒక దారం పోగు లెక్క కనపడుతది కావచ్చు అన్న. ఆమె ఆ పోగు మీద మాట్లాడలే చానసేపు.

తర్వాతవి దబదబ చెప్పుకపోత, ఎందుకంటె మేము పెద్దగై ఊరు ఇడిచి నౌకరీలకు పోయినం, నేను చంద్రపూర్‌లనే పడ్డ, కాక మాటలు ఎప్పుడన్న పోయినప్పుడు ఇన్నయే. 1986ల హేలీ తోకచుక్క వచ్చి మళ్ల 2061ల వస్తదంటే, "తోకచుక్క రెండోసారి వచ్చేలోపల మన బ్రిడ్జి కావాలె" అని రాసిండు, అది చానేండ్లు చెరపలే. 2006 ఆగస్టుల ప్లూటోను గ్రహాల లెక్కలకెళ్లి తీసేసినప్పుడు పోరగాండ్లు బాధపడుతుంటే, మన గుడిల నవగ్రహాలు లెక్కవెట్టుండ్రి, వాడు అండ్ల ఎప్పుడన్న ఉన్నడా అన్నడు, నిజమే, అండ్ల సూర్యుడు చంద్రుడు రాహు కేతువులు ఉంటరు కని ప్లూటో లేడు.

సెల్‌ఫోన్లు కొత్తగ వచ్చినప్పుడు నది అవతలి టవర్ సిగ్నల్ మా ఊర్ల దొరుకుతుండె, అవతలిది అప్పుడు ఆంధ్రప్రదేశ్ కాబట్టి రోమింగ్ పడి పైసలు కోసుకుంటుండిరి. కాక పలక: "నేను కూసున్నకాడ్నే కూసున్న. నా ఫోను నది దాటి పోయి వచ్చింది. పడవ కిరాయి నేను కట్టిన." టెక్నాలజీ మీద ఇంతకంటె మంచి మాట నేను ఇప్పటిదాక చదవలే. సరిహద్దుల బతికినోనికి ఆ మాట ఎంత లోతుకు దిగుతదో!

2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారకుని చుట్టు కక్ష్యల చేరింది. 450 కోట్ల ఖర్చు, 65 కోట్ల కిలోమీటర్ల తొవ్వ, అంటే కిలోమీటరుకు 7 రూపాయలు. ప్రధాని న్యూయార్క్ సభల, అహ్మదాబాద్‌ల ఆటోకు కిలోమీటరుకు 10 రూపాయలైతయి, మనం 7 రూపాయలకే పోయినం అన్నడు. కాకకు అప్పటికి డెబ్బై దాటినయి, సుద్ద పట్టుకుంటే చెయ్యి వణుకుతుండె, అయినా రాసిండు. "మన ఆటోల పన్నెండు మందిని ఎక్కిస్తరు. మంగళయాన్ల ఒక్కడు లేడు. 7 రూపాయలకు ఎట్ల గిట్టింది?" నది మీద బ్రిడ్జి అయినంక కొడుకు బండి మీద కూసొని అవతలి ఒడ్డుదాక పోయి చాయ్ తాగి వచ్చిండు, ఆ రోజు నాకు ఫోన్ చేసిండు. తోకచుక్కను గెలిచినం బిడ్డ అని. 2017ల పోయిండు.

అందుకే 2019 సెప్టెంబర్ 7 తెల్లారగట్ల నేను ఒక్కన్నే టీవీ ముందట కూసొని కాకను తలుచుకున్న. చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ చంద్రుని మీద దిగబోతుండంగ సిగ్నల్ పోయింది. ఇస్రో చైర్మన్ శివన్ ఏడ్చిండు, ప్రధాని దగ్గరికి తీసుకున్నడు. ఆ ఏడుపును చూసి ఎక్కిరించినోళ్లు కూడ ఉన్నరు, వాళ్ల మాటలు ఇక్కడ రాయ. రెండు రోజులకు మా నాగపూర్ పోలీసులు ట్విట్టర్ల ఒక మాట రాసిండ్రు: విక్రమ్, దయచేసి జవాబియ్యి, సిగ్నల్ తెంపినందుకు నీకు చలాన్ రాయం. అది చదివి నేను లేచి నిలబడ్డ. అచ్చం కాక మాట! ఓడిపోయినోని పక్కన కూసొని అన్న మాట. ఎస్పెరెన్స్ ఊరోళ్లు నాసాకు చీటీ రాసిండ్రు, నాగపూరోళ్లు విక్రమ్‌కు చీటీ చింపేసిండ్రు, నడుమ నలభై ఏండ్లు.

ఇంకొకటి ఉన్నది. 2022 ఏప్రిల్ 2, ఉగాది పండుగ. రాత్రి 8 కావస్తుంది, మా చంద్రపూర్ ఇంటి డాబ మీద పిల్లలు ఒర్రుతున్నరు, ఉరికి పోయి చూస్తే ఆకాశంల నిప్పుల బాట, ఒకటి కాదు, వరుసగ, సప్పుడు లేకుండ మెల్లగ పోతున్నయి. ఉల్క ఇంత మెల్లగ పోదు అని నాకు తెలుసు. మా జిల్లాలనే సిందేవాహి తాలూకా లాడ్బోరి ఊర్ల మూడు మీటర్ల వెడల్పు లోహపు కడెం ఒకటి పడ్డది, సుట్టుపక్కల ఊర్లల్ల గుండ్రటి గుండ్లు దొరికినయి. ఎవరికి ఏం కాలే, మంచిదైంది. 2021 ఫిబ్రవరిల పంపిన చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్టు మూడో దశ ముక్కలు అని ఖగోళశాస్త్రజ్ఞులు గుర్తుపట్టిండ్రు. నేను మాత్రం డాబ మీద నిలబడి పదకొండేండ్ల పిల్లగాన్ని అయిన. 1979ల భయపడి ఎదురుచూసింది ఇప్పుడు మా జిల్లాల నిజంగ పడ్డది. వెంటనే సిరోంచకు ఫోన్ చేసిన, కాక కొడుక్కు. వాడు అప్పటికే ఫోటో చూసిండు. "అన్న, మా బాపు ఉంటే ఏమంటుండె చెప్పాల్నా? స్కైలాబు ఇప్పుడొచ్చిందారా, ఆలపల్లి రోడ్డు మీదికెళ్లి వచ్చినట్టున్నది అంటుండె."

ఇద్దరం ఫోన్ పట్టుకొని చానసేపు నవ్వినం, నవ్వి నవ్వి, ఏం మాట్లాడకుండ ఉండిపోయినం.

2023 ఆగస్టు 23న నేను సిరోంచలనే ఉన్న, కావాలని రెండు రోజుల ముందుగాల పోయిన. శ్రావణం, వాన పట్టుకున్నది. హోటల్ ఇప్పుడు స్లాబ్ వేసిన బిల్డింగ్, గోడకు టీవీ ఉన్నది, పలక మాత్రం అదే, అంచులు అరిగి. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 విక్రమ్ చంద్రుని దక్షిణ ధ్రువం దిక్కు నేల మీద కాలు పెట్టింది. హోటల్ల ఒర్లుడే ఒర్లుడు, చప్పట్లు, ఎవరో పోరడు బల్ల ఎక్కి దుంకిండు. కాక కొడుకు చేతులు తువ్వాలకు తుడుసుకొని సుద్ద తీసుకున్నడు. పలక కింది ఖాళీ జాగల, వాళ్ల బాపు లెక్కనే, మరాఠీ అక్షరాలతోని తెలుగు మాట రాసిండు.

"దిగింది."

అప్పుడే ఒక ముసలాయన గొడుగు మూసుకుంట లోపలికి వచ్చిండు. ముసలాయనకు టీవీ కనపడలే, పలక కనపడ్డది. మెల్లగ చదివి అడిగిండు.

"ఏం దిగింది రా? చంద్రపూర్ బస్సు వచ్చిందా?"

"బస్సు ఇంక వాగు కాడనే ఉన్నది తాత. చంద్రుని మీద మనది దిగింది."

"గదే ముందుగాల చేరిందా!" అనుకుంట తాత బల్ల మీద కూసున్నడు. "అయితే ఒక చాయ్ పొయ్యి."